నాన్నగారి పాత నోట్ల పెట్టె, అమ్మాయి చదువు ఎఫ్‌డీ

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. నాన్నగారు పోయాక ఆయన పెట్టెలో పాత నోట్లు దొరికాయి. ట్రాక్టర్ బొమ్మ ఉన్న 5 రూపాయల నోట్లు ఒక కట్ట, మన్మోహన్ సింగ్ సంతకంతో రూపాయి నోట్లు, నిజాం కాలం నోటు ఒకటి, 2016లో రద్దయిన 500 నోట్లు 30. ట్రాక్టర్ నోటు లక్షలు పలుకుతుందని వీడియోల్లో చూశాను. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచిన 4 లక్షల ఎఫ్‌డీ వచ్చే నెల చేతికొస్తుంది, ఫీజు కట్టాల్సింది మూడేళ్ల తర్వాత. ఈలోగా ఆ డబ్బుతో పాత నోట్లు కొని పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఆ 4 లక్షలు మళ్లీ ఎఫ్‌డీలోనే వేసేయండి, మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకు వద్దంటున్నానో చిన్న లెక్క చెప్తాను. పాత నోటు కొనేటప్పుడు మీరు ఇచ్చేది షాపు ధర, అమ్మబోతే డీలర్ ఇచ్చేది కొనుబడి ధర, రెండూ ఎప్పుడూ ఒకటి కావు. 10,000 పెట్టి కొన్న నోటుకి మర్నాడే వెళ్తే 6,500 ఇస్తానన్నాడనుకోండి, ఆ రేటు ఏటా 8 శాతం చొప్పున పెరుగుతూ పోయినా మీ అసలు మీకు రావడానికే అయిదున్నరేళ్లు పడుతుంది. మీకున్నది మూడేళ్లు. ఈలోపు వడ్డీ లేదు, డివిడెండ్ లేదు, పైగా ఫీజు గడువు దగ్గర పడ్డాక కొనేవాడి కోసం తిరగాలంటే ఆ టెన్షన్‌లో ఎంతకడిగితే అంతకి ఇచ్చేస్తారు. వేలంలో అమ్ముదామంటే అక్కడా కమీషన్ తీసుకుంటారు, డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు.

ఇక ట్రాక్టర్ నోటు. రిజర్వ్ బ్యాంకు వాటిని లెక్కలేనన్ని అచ్చేసింది, ఇప్పటికీ చెల్లుతాయి కూడా, కాబట్టి మామూలు నంబరున్న నలిగిన నోటుకి లక్షలెవరిస్తారు చెప్పండి? మన్మోహన్ గారి సంతకమూ అంతే. రూపాయి నోటు మీద సంతకం చేసేది రిజర్వ్ బ్యాంకు గవర్నర్ కాదు, ఆర్థిక శాఖ కార్యదర్శి. మన్మోహన్ గారు 1976 నుంచి 1980 వరకు ఆ పదవిలో ఉన్నారు, తర్వాత గవర్నరై మిగతా నోట్ల మీదా సంతకం పెట్టారు. ముచ్చటైన విషయమే, కానీ ఆ నోట్లు దొరకనివేం కావు. మీ నోటు అమ్మిపెడతాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజో పన్నో కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. తమ పేరు వాడుకుని ఇలా చార్జీలు, కమీషన్లు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

మీ పెట్టెలో నన్ను కంగారు పెట్టింది మాత్రం ఆ రద్దయిన 500 నోట్లు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం పాత 500, 1000 నోట్లు మామూలు మనిషి దగ్గర అన్నీ కలిపి 10కి మించి ఉండకూడదు, అధ్యయనానికో సేకరణకో అయితే 25. మించితే జరిమానా 10,000 రూపాయలు లేదా ముఖ విలువకి అయిదు రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకు వేయొచ్చు. మీ 30 నోట్లకి లెక్కేస్తే 75,000 దాకా! ఎవరికో అంటగట్టే ప్రయత్నం చేయకండి, లాయర్‌ని అడిగి ఈ వారంలోనే తేల్చుకోండి.

డీలర్లకి చూపించాల్సింది ఏదైనా ఉంటే అది నిజాం నోటు. హైదరాబాద్ సంస్థానం 1918 నుంచి సొంత నోట్లు విడుదల చేసింది, మొదట్లో లండన్‌లో అచ్చు వేయించేవారు. 1922లో మునిగిపోయిన ఈజిప్ట్ అనే ఓడలో సంతకాలు పడని హైదరాబాద్ నోట్లు ఉంటే, తర్వాత సముద్రం అడుగు నుంచి పైకి తీశారు, వాటి కోసం కూడా పాత నోట్లు సేకరించేవాళ్లు వెతుకుతుంటారు. మీది ఏ విలువది, ఎవరి సంతకం, మడతలెన్ని, అంచులు చిరిగాయా అన్నదాన్నిబట్టి ధర ఎక్కడికో పోతుంది లేదా ఎక్కడా పోదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, పాత రోజుల్లో కట్టలకి పిన్నులు కొట్టేవారు కాబట్టి ఎడమ పక్క చిల్లులుంటాయి, అవి కూడా ధర తగ్గిస్తాయి. మురికిగా ఉందని కడగడం, మడత పోవాలని ఇస్త్రీ చేయడం, లామినేషన్ చేయించడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి చేసినా సేకరించేవాడు వెనక్కి ఇచ్చేస్తాడు. చౌకరకం పీవీసీ కవర్లలో కూడా పెట్టొద్దు, కొన్నేళ్లకి జిగురు తేలి నోటుకి అంటుకుంటుంది. ఇద్దరు ముగ్గురు డీలర్లకి చూపించండి, మొదటివాడు చెప్పిన ధరకే ఇచ్చేయకండి.

ఇష్టం పుట్టిందంటే సేకరించండి, నేను కాదనను. నెలకి సినిమాకో హోటల్‌కో పెట్టే డబ్బులోంచి వెయ్యో రెండు వేలో తీసి కొనుక్కోండి, పదేళ్లకి విలువ పెరిగితే సంతోషం, పెరగకపోయినా ఎవరి ఫీజూ ఆగదు. పుస్తకంలో ఏ నోటు, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకి కొన్నారో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో మీ ఆవిడకి చెప్పి ఉంచండి. నాన్నగారు అలా రాసి ఉంటే మీకిప్పుడు సగం వెతుకులాట తప్పేది.