అమ్మాయి నేర్చుకున్న ఎస్‌క్యూఎల్ వృథా అయినట్టేనా?

ప్రశ్న: మాది మదనపల్లె, టమాటా మండీ నడుపుతున్నాను. మా అమ్మాయి స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ చదివి, ఎనిమిది నెలలుగా బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగ ప్రయత్నాలు చేస్తోంది. డేటాబేస్ నుంచి వివరాలు అడిగి తీసుకునే భాష ఎస్‌క్యూఎల్ బాగా వచ్చు. మొన్న ఒక ఇంటర్వ్యూలో, ‘మా కస్టమర్ల వివరాలు క్లౌడ్ సీఆర్‌ఎంలో (కస్టమర్ల లెక్కలు ఇంటర్నెట్ మీద ఉంచే సాఫ్ట్‌వేర్‌లో) ఉన్నాయి, బిల్లులు మా సొంత పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి, కాపీ చేసుకోకుండా రెండింటినీ కలిపి ఇప్పటికిప్పుడు క్వెరీ ఎలా చేస్తావు’ అని అడిగితే, ఎక్సెల్‌లోకి దించుకుని మళ్లీ ఎక్కిస్తానని చెప్పిందట. పంపేశారు. ఎస్‌క్యూఎల్ కాలం అయిపోయిందనీ, నాలుగు నెలల ‘క్లౌడ్ డేటా ఇంజినీరింగ్ విత్ ఏఐ’ కోర్సు చేయాలనీ అక్కడి ఇన్‌స్టిట్యూట్ వారు 1,20,000 రూపాయలు అడుగుతున్నారు. సోమవారంలోగా కట్టాలి. మా తోడల్లుడి కొడుకు అదే దారిలో వెళ్లి పెద్ద ప్యాకేజీ తెచ్చుకున్నాడు. కట్టమంటారా, లేక సీఆర్‌ఎం అడ్మిన్ కోర్సులో చేర్చమంటారా? వచ్చే ఏడాది సంబంధాలు చూడాలి.

జవాబు: సోమవారం ఆ డబ్బు కట్టకండి. ముందు ఈ మాట చెప్పి తరువాత కారణాలు చెబుతాను, ఎందుకంటే ఇన్‌స్టిట్యూట్‌ల గడువులన్నీ సోమవారానికే ఎందుకు వస్తాయో ఇన్నేళ్లయినా నాకు బోధపడలేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. కోర్సు పేరు ఏటా మారుతుంది, ఉత్తరం మారదు. మీరు పైకి అడిగింది ఏ కోర్సు అని. లోపల అడుగుతున్నది, మూడేళ్లు డబ్బు పోసి చదివించిన చదువు మూలన పడిందా అని.

పడలేదు. ఆ ఇంటర్వ్యూ ప్రశ్నను మీరే మరోసారి చదవండి. రెండింటినీ కలిపి క్వెరీ ఎలా చేస్తావని అడిగారు. క్వెరీ అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న; అది రాయడం వచ్చినవారినే ఆ మాట అడుగుతారు. డేటాను పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనాను కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించారు, ఎస్‌క్యూఎల్ 1986లో అమెరికా ప్రమాణంగా స్థిరపడింది, బయట ఎక్కడో ఉన్న డేటాను సొంత పట్టికలాగే చూపించే పద్ధతి కూడా 2003 నాటి ప్రమాణంలో ఒక భాగంగా ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో దాన్ని ఫారిన్ డేటా రాపర్ అంటారు. 2011లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి బయటి పట్టికలను చదవడానికి, 2013 నాటి 9.3 నుంచి వాటిలోకి రాయడానికి కూడా వీలుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవారు లింక్డ్ సర్వర్ అంటారు, ఒరాకిల్ వాడేవారు డేటాబేస్ లింక్ అంటారు. మీ అమ్మాయికి తెలియనిది ఈ ఒక్క గది, ఇల్లంతా కాదు. ఆమె చెప్పిన ఎక్సెల్ జవాబు కూడా మరీ సిగ్గుపడవలసినదేమీ కాదు, ఈ నగరపు గాజు మేడల్లో నెలాఖరు రిపోర్టులు ఇంకా అలాగే తయారవడం నేను చూస్తూనే ఉన్నాను. ‘కాపీ చేసుకోకుండా’ అన్న మాట విన్న తరువాత ఆ జవాబు చెప్పడమే పొరపాటు.

ఆ గదిలో ఏముందో మీ వ్యాపారపు మాటల్లోనే చెబుతాను. వేలం మొదలయ్యే ముందు కోలారు మార్కెట్‌లో ధర ఎలా ఉందో తెలుసుకోవడానికి మీరు అక్కడి మండీకి ఫోన్ చేస్తారు. నిన్నటి ధర మీ చిట్టాలో రాసి ఉన్నా దాన్ని పట్టుకుని ఇవాళ పాట పాడరు. చిట్టాలో రాసుకున్నది కాపీ, ఫోన్ చేసి అడిగేది లైవ్ క్వెరీ. ఫోన్‌లో ‘మొదటి రకం బాక్సు ఎంత పలికింది’ అని ఒక్క ముక్క అడగవచ్చు; లేదా అక్కడి గుమస్తా చేత ఆవర్జా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించుకుని, మొదటి రకం లెక్కలను మీరే ఇక్కడ కూర్చుని ఏరుకోవచ్చు. రెండు విధాలా జవాబు ఒకటే వస్తుంది, కానీ మర్నాడు ఆ గుమస్తా మీ ఫోన్ ఎత్తడు.

క్లౌడ్ సాఫ్ట్‌వేర్ కూడా ఎత్తదు. ఉదాహరణకు సేల్స్‌ఫోర్స్ అనే క్లౌడ్ సీఆర్‌ఎం మామూలుగా ఒక్కో జవాబులో 2,000 వరుసల వరకు ఇస్తుంది. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో 24 గంటలకు 1,00,000 ఏపీఐ కాల్స్ (బయటి ప్రోగ్రాములు చేసే ఫోన్ల లాంటివి) మూల పరిమితి, లైసెన్సుల సంఖ్యను బట్టి మరికొంత అదనం. రెండు లక్షల వరుసలున్న పట్టికలో నుంచి బెంగళూరు కస్టమర్లు నలభై మంది కావాలని అడిగామనుకోండి. మన వేర్ షరతు, అంటే ఏ వరుసలు కావాలో చెప్పే ముక్క, అవతలికి చేరితే ఒక్క కాల్‌తో పని అయిపోతుంది. అదే షరతులో ఊరి పేరును చిన్న అక్షరాల్లోకి మార్చే లోయర్ ఫంక్షన్ పెడితే, అవతలి క్వెరీ భాషలో అలాంటిది లేదు కాబట్టి, రాపర్ ఆ షరతును పంపలేక రెండు లక్షల వరుసలనూ ఇటు లాక్కొచ్చి ఇక్కడ వడపోయవచ్చు. అప్పుడు వంద కాల్స్ అవుతాయి. ఐదు నిమిషాలకొకసారి తాజా అయ్యే డ్యాష్‌బోర్డులో ఆ క్వెరీ ఉంటే రోజుకు 288 సార్లు, అంటే 28,800 కాల్స్. అలాంటివి నాలుగు పెడితే మూల పరిమితి దాటిపోయినట్టే. ఒక్క చిన్న ఫంక్షన్ చేసే పని ఇది. పైగా ఇష్టమొచ్చిన రెండు పట్టికలను జాయిన్ చేసే, అంటే కలిపే, వీలు ఆ భాషలో లేదు, ముందే నిర్వచించిన సంబంధాల వెంటే నడవాలి. బిల్లులతో కలిపే పని ఎటూ మన పోస్ట్‌గ్రెస్ మీదే పడుతుంది. ఏ పని అక్కడ జరగాలి, ఏది ఇక్కడ జరగాలి అన్న ఈ ఆలోచననే ఆ ఇంటర్వ్యూలో వారు వినదలచుకున్నారు.

ఇక ఆ కోర్సు విషయం. ఇలాంటి కోర్సుల సిలబస్ కాగితాలు నా దగ్గర దొంతరగా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో నాలుగు నెలలకు పదకొండు సాధనాల పేర్లున్నాయి. లెక్కవేస్తే ఒక్కోదానికి వారంన్నర. సాధన చేయించేది నాలుగు వందల వరుసల నమూనా ఫైలు మీద, అంత చిన్న ఫైలు మీద ఏ పరిమితీ తగలదు, ఏ క్వెరీ ఆలస్యం కాదు, నేర్చుకోవలసిన చోట నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. ఈ మధ్య నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి అలాంటి కోర్సే పూర్తిచేసి రెజ్యూమెలో పద్నాలుగు సాధనాలు రాసుకున్నాడు. మొదటి పట్టిక వరుసలన్నీ ఉంచి రెండోదాన్ని కలిపే లెఫ్ట్ జాయిన్‌లో రెండో పట్టిక మీది షరతును ఆన్‌లో పెడితే ఏమవుతుంది, వేర్‌లో పెడితే ఏమవుతుంది అని అడిగితే నేల చూశాడు. ‘విత్ ఏఐ’ అన్న తోక గురించి కూడా నాకు అనుమానమే: క్వెరీని ఏఐ రాసిపెడుతుందన్నది నిజం, కానీ అది నలభై వరుసలు తెస్తోందో రెండు లక్షలు తెస్తోందో చూసి పట్టుకోగల మనిషి కావాలి, ఆ చూపు ఈ నాలుగు నెలల్లో అలవడుతుందని నేను అనుకోను. కొన్నిచోట్ల ఫీజుతో పాటు రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితం కూడా ఇప్పిస్తామని మెల్లగా చెబుతారు. మీ తోడల్లుడిగారి అబ్బాయి గురించి నేనేమీ అనడం లేదు. మీతో అలా అంటే మాత్రం లేచి వచ్చేయండి. పీఎఫ్ యూఏఎన్ నంబరు కింద ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో కనిపిస్తుంది, చేర్చుకున్న తరువాత కూడా కంపెనీలు దాన్ని చూడవచ్చు.

ఆ అబ్బాయి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మీ ఉత్తరంలో అతని ప్యాకేజీ ఉంది, ఫీజు ఉంది, సంబంధాల గడువు ఉంది. మీ అమ్మాయికి ఏ పని ఇష్టమో ఎక్కడా లేదు. ఎనిమిది నెలలు పరాయి ఊళ్లో పీజీ తిండి తింటూ ఇంటర్వ్యూలకు తిరుగుతున్న పిల్ల, తాను చెప్పిన తప్పు జవాబును కూడా దాచుకోకుండా మీకు చెప్పింది. అలాంటి పిల్లను మరొకరి జీతంతో తూకం వేస్తే, తరువాతి ఇంటర్వ్యూ గురించి మీకు చెప్పదు. పెద్దవారు, నొచ్చుకోకండి.

రెండు దారులనూ పోల్చమన్నారు. సీఆర్‌ఎం అడ్మిన్ పని అంటే ఎవరికి ఏ అనుమతి ఉండాలి, ఏ ఫారంలో ఏ గడి ఉండాలి అని సేల్స్ వారితో రోజంతా మాట్లాడే పని. మనుషులతో ఓపిక ఉన్నవారికి బాగుంటుంది. డేటా పని, రెండు లెక్కలు ఎందుకు కలవడం లేదో తేలేదాకా నిద్రపట్టని వారిది. స్టాటిస్టిక్స్ ఎంచుకున్న అమ్మాయి రెండో రకమని నా ఊహ, అయినా ఆమెనే అడగండి. లైవ్ క్వెరీ వచ్చిందని కాపీ కాలం పోయిందనుకోవద్దని కూడా ఆమెకు చెప్పండి. క్లౌడ్‌లో కస్టమర్ పరిస్థితి ఇవాళ ఎలా ఉందో అదే ప్రధానంగా కనిపిస్తుంది. మార్చిలో ఎలా ఉండేదో కావాలంటే ఎవరో ఒకరు మార్చిలోనే రాసిపెట్టి ఉండాలి. మీరు ఫోన్ చేస్తూనే చిట్టా కూడా రాస్తున్నారు కదా.

ఇప్పుడు చేయవలసింది ఆరు వారాల పని, దానికి ఫీజు లేదు. ఆమె ల్యాప్‌టాప్‌లోనే రెండు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లు పెట్టుకుని, ఒకదానిలో కస్టమర్లు, మరోదానిలో ఐదు లక్షల బిల్లులు తానే పుట్టించి నింపి, పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే రాపర్‌తో రెండింటినీ కలపమనండి. ప్రతి క్వెరీకి ముందు, అది ఎలా నడుస్తుందో వివరంగా చూపించే ఎక్స్‌ప్లెయిన్ వెర్బోస్ అని పెట్టి చూస్తే రిమోట్ ఎస్‌క్యూఎల్ అన్న వరుసలో అవతలికి వెళ్లినది కనిపిస్తుంది; షరతు అందులో ఉందా, ఇవతల ఫిల్టర్‌గా మిగిలిపోయిందా అన్నది నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఆ తరువాత సేల్స్‌ఫోర్స్ ఉచితంగా ఇచ్చే డెవలపర్ ఎడిషన్ ఖాతా తెరిచి, అదే పనిని ఏపీఐ మీద చేసి చూడాలి. అందరి క్వెరీలూ ఒకే లాగిన్ మీద వెళితే సీఆర్‌ఎంలో పెట్టిన అనుమతులు ఏమైపోతాయో కూడా అక్కడే ఆలోచించాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో తరువాతి ప్రశ్న అదే కావచ్చు.

నాలుగో వారం ముగిశాక ఆ నోటుపుస్తకంలోని పేజీలు, షరతు అవతలికి వెళ్లని క్వెరీ ఒకటీ నాకు పంపమనండి. నేను చదివి ఆమెకే జవాబు రాస్తాను.