టెస్టర్ వెలుగుతోంది, బల్బు వెలగడం లేదు

ప్రశ్న: నమస్తే మాస్టారూ. మా వంటింట్లో స్టవ్ పైనున్న ఎల్ఈడీ బల్బు పది రోజులుగా వెలగడం లేదు. రెండు కొత్త బల్బులు తెచ్చి పెట్టినా అంతే. స్విచ్ వేసి హోల్డర్‌లో టెస్టర్ పెడితే వెలుగుతోంది. అదే గదిలో ఫ్యాను బాగానే తిరుగుతోంది. కరెంటు వస్తుంటే బల్బు ఎందుకు వెలగదు?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, టెస్టర్ వెలిగిందంటే ఫేజ్, అంటే కరెంటు తెచ్చే వైరు, అక్కడిదాకా వచ్చిందని మాత్రమే అర్థం. బల్బు వెలగాలంటే ఆ కరెంటు న్యూట్రల్ వైరు గుండా తిరిగి వెళ్లాలి. ఆ దారి తెగితే 230 వోల్టులూ హోల్డర్ దాకా వచ్చి ఆగిపోతాయి. ఐటీఐలో ముప్పై ఏళ్లు వైరింగ్ నేర్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లలు మొదట పొరబడేది ఇక్కడే.

ముందు ఆ కొత్త బల్బుల్ని హాల్లో పెట్టి చూడండి. అక్కడ వెలిగితే తప్పు బల్బుది కాదు, హోల్డర్ సంగతి చూడాలి.

హోల్డర్ జోలికి వెళ్లే ముందు మెయిన్ ఆపండి. స్విచ్ ఆపితే చాలదమ్మా. కొన్ని ఇళ్లలో స్విచ్‌ను ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌కు కలిపేస్తారు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. మా అమ్మగారింట్లో స్విచ్‌ను నమ్మి చెయ్యి పెట్టి, షాక్ కొట్టి స్టూలు మీంచి పడ్డాను. ఆరు వారాలు మోచేతికి కట్టుతో తిరిగాను. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపాలి. మెయిన్ దించగానే లైట్లకు కరెంటు దాన్నుంచి వస్తుంది. అన్నీ ఆపాక, స్విచ్ వేసే ఉంచి, ఇందాక టెస్టర్ వెలిగిన పిన్నునే మళ్లీ చూడండి. వెలగకూడదు.

ఇప్పుడు ఫోన్ టార్చి వేసి హోల్డర్ లోపల చూడండి. రెండు పిన్నులు, వాటి వెనక స్ప్రింగులు ఉంటాయి. స్టవ్ పైన కదా, తాలింపు పొగ, నూనె జిడ్డు చేరి అవి బిగుసుకుపోతాయి. ఎండు పుల్లతో ఒక్కో పిన్నునూ నొక్కి వదలండి. టక్కున లేవాలి. ఒకటి లోపలే ఉండిపోతే అది బల్బును తాకడం లేదన్నమాట. టెస్టర్ మొన సన్నగా ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లి దాన్ని తాకుతుంది. మీ ఇంట్లో జరిగింది ఇదేనని నా అనుమానం. గీకి సర్దుకోకండి, హోల్డరే మార్పించండి.

పిన్నులు రెండూ బాగుంటే న్యూట్రల్‌నే అనుమానించాలి. ఫ్యాను తిరుగుతోంది కాబట్టి గది మొత్తానికి పోలేదు. లైటుకు వెళ్లే దారిలో, ఏ జంక్షన్ బాక్సులోనో, మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు వదులై ఉంటుంది. పాత ఇల్లయితే అల్యూమినియం వైరుకు రాగి వైరు కలిపిన చోట ముందు చూడాలి. అలాంటి జాయింట్లే తొందరగా చెడతాయి.

అది మీరు చేయాల్సిన పని కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అతను టెస్టర్‌తో సరిపెడితే ఒప్పుకోకండి. టెస్ట్ ల్యాంపు, అంటే రెండు వైర్లు తగిలించిన బల్బు, తెచ్చి ఒక వైరు ఫేజ్‌కు, రెండోది న్యూట్రల్‌కు తాకించి చూడమనండి. వెలగకపోతే న్యూట్రల్ తెగి ఉండొచ్చు. పనిలో పనిగా స్విచ్ ఫేజ్ మీదే ఉందో లేదో కూడా చూపించుకోండి.

స్విచ్ వేసినప్పుడు చిటపటమన్నా, కాలిన వాసన వచ్చినా మాత్రం ఇవేవీ మీరు చేయొద్దు. మెయిన్ ఆపేసి ఈరోజే పిలిపించండి.