ముందు ఆ పాత డిస్క్ బయటికి తియ్యి, బిడ్డా

బిడ్డకు అత్తమ్మ ఆశీస్సులు.

రాత్రి మీ నాయన ఫోన్ చేసి, నువ్వు కంప్యూటర్ సొంతంగా బిగించావని చెప్పాడు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో పదిచోట్ల రేట్లు కనుక్కొని సామాను కొని, దేవరకొండ బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చి, ఎవరి సాయం లేకుండా అంతా కలిపావట. మన ఇంట్లో ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుంటే "నీకెందుకే అవన్నీ" అన్న రోజులు నాకు బాగా తెలుసు. నిన్న తమ్ముడి గొంతులో ఆ మాట లేదు. "అక్కా, ఫ్యాన్లు తిరుగుతుంటే రంగురంగుల లైట్లు కూడా వెలిగినయి" అని ఎంత మురిసిపోయాడో! నాకూ కడుపు నిండింది.

ఆ తర్వాత చెప్పిన సంగతికే నిద్ర పట్టలేదు. మొదటిరోజు విండోస్ వచ్చిందట. వైర్లు నీటుగా సర్దుదామని క్యాబినెట్ మళ్ళీ విప్పావట. అప్పటి నుంచి నల్లటి తెర మీద బూట్ డివైజ్, అంటే కంప్యూటర్‌ను లేపే డిస్క్, దొరకలేదని ఒక ఇంగ్లిష్ ముక్క తప్ప ఇంకేమీ రావట్లేదట. "రేపు అన్నీ ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కిస్తా" అన్నావట. పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ కూడా దీంట్లోనే పెట్టావని చివర్లో మామూలుగా అనేశాడు.

ఆ డిస్క్‌లో ఏముందో నాకంటే నీకే ఎక్కువ తెలుసు. మీ తాత మాటలు నువ్వే ఫోన్‌లో రికార్డు చేసి అందులో దాచావు. కరువు ఏడాది మందను తోలుకొని కృష్ణ ఒడ్డు దాకా పోయింది, చెరువు తెగినప్పుడు ఊరంతా కట్ట మీద నిలబడింది, అన్నీ ఆయన గొంతులోనే ఉన్నాయి. ఆ ఫోన్ పోయింది. వేరే కాపీ ఉందా అని అడిగితే మీ నాయన "ఏమో అక్కా" అన్నాడు.

అందుకే ఒక పని చెయ్యి, మిగతా ఉత్తరం ఆ తర్వాత చదువుదువు. గోడకున్న స్విచ్ ఆపు, ప్లగ్ పీకు. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకో, మిగిలిన కరెంటు దిగిపోతుంది. పాత హార్డ్ డిస్క్‌కున్న రెండు కేబుళ్ళూ తీసి, డిస్క్‌ను బయటికి తియ్యి. నీ కొత్త రకం డిస్క్ ఎస్ఎస్‌డీయో, మదర్‌బోర్డో వచ్చిన, స్టాటిక్ కరెంటు నుంచి కాపాడే యాంటీ స్టాటిక్ కవర్ పారెయ్యకుంటే అందులో పెట్టి, బీరువాలో బట్టల మధ్య దాచు. ఫ్రిజ్ మీద పెట్టకు, కింద పడుతుంది.

తీశావా? ఇప్పుడు నింపాదిగా మాట్లాడుకుందాం.

తెర మీద అక్షరాలు కనిపిస్తున్నాయంటే నీ పని చాలావరకు సరిగ్గానే ఉన్నట్టు. బటన్ నొక్కగానే మదర్‌బోర్డు చిప్‌లోని ప్రోగ్రాం ముందు లేస్తుంది. పాతవాటిలో దాన్ని బయోస్ అనేవాళ్ళం, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ, నోటికి మాత్రం అందరికీ బయోసే. అది ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, డిస్‌ప్లేను పరీక్ష చేసుకున్నాకే డిస్కుల దగ్గరికి పోతుంది. నీది అక్కడిదాకా వచ్చి ఆగింది. కాబట్టి ర్యామ్ పీకి రబ్బరుతో రుద్దడం, ప్రాసెసర్ ఎత్తి పేస్టు మళ్ళీ పూయడం లాంటివి ఏవీ పెట్టుకోకు. మంచిగున్న దాన్ని కదిలిస్తే రెండో రోగం పట్టుకుంటుంది.

డిస్కుల్లో బయోస్ వెతికేది ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌ను, అంటే డిస్క్‌లో విడదీసిన ఒక చిన్న భాగాన్ని. ఫ్యాట్32 అనే పద్ధతిలో ఉంటుంది, మామూలుగా మన కంటికి కనిపించదు. విండోస్ బూట్ మేనేజర్ ఉండేది అందులోనే. అది లేస్తేనే సీ డ్రైవ్‌లోని విండోస్‌ను పిలుస్తుంది. నాకున్న అనుమానం వినుకో. విండోస్ ఎక్కించేటప్పుడు రెండు డిస్కులూ తగిలించే ఉన్నాయి కదా. ఒక డిస్క్‌లో ముందే ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటే, సెటప్ ఒక్కోసారి కొత్త బూట్ ఫైళ్ళను కూడా తీసుకుపోయి అందులోనే పెడుతుంది. కొత్త ఇంటికి మారి, దాని తాళంచెవి పాత ఇంట్లోనే పెట్టి వచ్చినట్టు. విండోస్ కొత్త ఎస్ఎస్‌డీలో, బూట్ మేనేజర్ తాత డిస్క్‌లో. నువ్వు వైర్లు సర్దేటప్పుడు ఆ డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ వదులైనా అయి ఉండాలి, వేరే పోర్టుకైనా మారి ఉండాలి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. ఏ పోర్టులు మానేస్తాయో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మాన్యువల్ పారేశావా? కంపెనీ సైట్‌లో బోర్డు మోడల్ పేరు కొడితే దొరుకుతుంది.

నా అనుమానమే నిజమైతే, నువ్వు "అన్నీ ఫార్మాట్" కొట్టే ఆ వరసలో తాత డిస్క్ కూడా ఉండేది. సెటప్‌లో డిస్కులకు పేర్లుండవు, డిస్క్ 0, డిస్క్ 1 అనే ఉంటుంది. రాత్రి రెండు గంటలకు నిద్రకళ్ళతో ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో నీకు తెలియాలి. కాలేజీ ల్యాబ్‌లో చేరకముందు నేను నల్లగొండలో ఒక రిపేరు షాపులో పని నేర్చుకున్నాను. విండోస్ 98 పోయి ఎక్స్‌పీ వస్తున్న రోజులు. మర్రిగూడ దిక్కు నుంచి ఒక సారు తన సీపీయూను గోనెసంచిలో చుట్టి బస్సులో తెచ్చాడు. ఆయన బడి అయిపోయాక ఊరూరూ తిరిగి ఫ్లోరైడ్ లెక్కలు రాసేవాడు. ఏ ఇంటివాళ్ళు ఏ బోరు నీళ్ళు తాగుతున్నారు, ఏ పిల్లల పళ్ళకు గార పట్టింది, ఎవరి నడుం వంగిపోయింది, ఎవరి కాళ్ళు వంకరపోయాయి, అన్నీ పేర్లతో సహా. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ దిక్కు అంతకు మించిన బోర్లే చాలా ఉండేవి, జనం అవే తాగేవాళ్ళు. అర్జీలకు పనికొస్తాయని సారు ఆ లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. బడిలో ఒక కంప్యూటర్, ఇంట్లో ఒక కంప్యూటర్ కాబట్టి కొన్ని ఫైళ్ళు ఫ్లాపీల్లో, అంటే అప్పటి చిన్న పలక డిస్కుల్లో, వేసుకొని తిరిగేవాడు.

తెర మీద "నాన్ సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్" అని వస్తోంది. పెద్ద మెకానిక్‌కు ఆ రోజు చేతినిండా పని. వాక్యం చూడగానే "విండోస్ పోయింది సార్, సాయంత్రం వచ్చి తీసుకుపోండి" అన్నాడు. లోపల ఏమున్నాయని అడగలేదు. కంప్యూటర్ బాగైతే లోపలివి ఉంటాయనే సారు అనుకున్నాడు, ఆయనా చెప్పలేదు. మెకానిక్ సీడీ వేసి, ఉన్న పార్టిషన్లన్నీ తీసేసి, ఒకటే సీ డ్రైవ్ చేసి, ఫార్మాట్ కొట్టి ఎక్స్‌పీ మొదలుపెట్టాడు. మధ్యలో అది ఒకసారి రీస్టార్ట్ అయింది. మళ్ళీ అదే వాక్యం వచ్చింది.

అప్పుడు వంగి ఫ్లాపీ డ్రైవ్ బటన్ నొక్కాడు. నీలం ఫ్లాపీ ఒకటి బయటికి వచ్చింది.

బూట్ వరసలో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు డిస్కులు వెతికే వరసలో, ఫ్లాపీ ముందుంది, హార్డ్ డిస్క్ వెనకుంది; విండోస్ లేని ఆ ఫ్లాపీ దగ్గరే అది ఆగిపోయింది. పొద్దున ఆ ఫ్లాపీ తీసి ఒక కీ నొక్కి ఉంటే కంప్యూటర్ మామూలుగా లేచేది. రోగమే లేదు, బిడ్డా.

అక్కడ ఆపినా కొంత మిగిలేది. ఆ రోజుల్లో ఫార్మాట్ కొట్టగానే ఫైళ్ళు చెరిగిపోయేవి కావు. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక పోయేది, దాని మీద కొత్తవి రాసినప్పుడే అసలు ఫైళ్ళు పోయేవి. మెకానిక్ ఆగలేదు. ఎక్స్‌పీ పూర్తి చేశాడు, డ్రైవర్లు వేశాడు, అందరికీ వేసినట్టే పాటలూ సినిమాలూ ఎక్కించాడు. సాయంత్రం సారు వచ్చి, ఆన్ చేసి, కాసేపు వెతికి, "నా డీ డ్రైవ్ ఏది?" అని అడిగాడు.

ఆయన అరవలేదు. బెంచీ మీద కూర్చొని, ఇంట్లో ఏ ఊరి నోటుబుక్కులు మిగిలి ఉంటాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. డిస్క్‌ను హైదరాబాద్ పంపితే పేర్లు లేని ఫైళ్ళు కొన్ని వచ్చాయి, సగం పట్టికలు తెరుచుకోలేదు. మళ్ళీ ఊర్లు తిరిగి రాశాడు. కొన్ని ఇళ్ళలో చెప్పాల్సిన మనిషి అప్పటికే లేడని తర్వాత ఒకసారి బజారులో కలిసినప్పుడు చెప్పాడు.

నీ కొత్త ఎస్ఎస్‌డీలో ఆ మాత్రం ఆశ కూడా ఉండదు. ట్రిమ్ అనే పద్ధతిలో, చెరిపేసిన జాగాను డిస్కే లోలోపల శుభ్రం చేసుకుంటుంది. తర్వాత ఎవరి కాళ్ళు పట్టుకున్నా రాదు.

ఇప్పుడు పాత డిస్క్ బయట ఉంది కాబట్టి నీ ఇష్టమున్నట్టు చెయ్యొచ్చు. ఆన్ చేసి డిలీట్ గాని ఎఫ్2 గాని నొక్కుతూ బయోస్‌లోకి పో. స్టోరేజ్ దగ్గర ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోందా? కనిపించకపోతే మళ్ళీ ఆపి, ఎస్ఎస్‌డీని తీసి, కొంచెం ఏటవాలుగా స్లాట్‌లోకి పూర్తిగా దూర్చి, వంచి స్క్రూ బిగించు. నువ్వు కొన్నది ఎన్‌వీఎంఈనా, సాటా రకమా చూసుకో. రెండూ ఒకేలా ఉంటాయి గానీ కొన్ని స్లాట్లు ఒక రకాన్నే తీసుకుంటాయి.

ఎస్ఎస్‌డీ కనిపిస్తూ, బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్ మాత్రం లేకపోతే నా అనుమానం నిజమే. బూట్ ఫైళ్ళను కమాండ్లతో మళ్ళీ రాయించొచ్చు, బీసీడీబూట్ అని ఉంది. కానీ నీ ఎస్ఎస్‌డీలో ఇంకా నీ పని ఏదీ లేదు కదా, దాని ఒక్కదాని మీద విండోస్ మళ్ళీ ఎక్కించడమే సుఖం. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. ఇంకో కంప్యూటర్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో తయారు చెయ్యి. అది పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది, అందులో ఎవరి పెళ్ళి ఫోటోలున్నాయో ముందే చూసుకో. బయోస్‌లో సీఎస్ఎం అనే పాత బయోస్ పద్ధతి ఆన్‌లో ఉంటే ఆపెయ్యి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, సెక్యూర్ బూట్‌ను నడపగల బోర్డు కావాలి, కొత్త బోర్డుల్లో అవి ఉంటాయి. సెటప్‌లో డిస్క్ అసలే కనిపించకపోతే, ఇంటెల్ బోర్డయితే వీఎండీ అనే సెట్టింగ్ అడ్డం ఉండొచ్చు. దాన్ని ఆపు, లేదా దాని డ్రైవర్ ఇవ్వు. ఒకసారి విండోస్ ఎక్కాక మాత్రం ఆ సెట్టింగ్ ముట్టకు, నీలం తెర వస్తుంది. మొదటి రీస్టార్ట్‌లో పెన్‌డ్రైవ్ తీసెయ్యి. తియ్యకపోతే సెటప్ మళ్ళీ మొదటి నుంచి వచ్చి నిన్ను తికమక పెడుతుంది.

కంప్యూటర్ రెండు మూడు రోజులు సాఫీగా లేచాకే పాత డిస్క్ సంగతి. అది పెద్ద సైజు డిస్క్, యూఎస్‌బీ కరెంటు సరిపోదు, వేరే అడాప్టర్ ఉన్న సాటా కేబుల్ కావాలి. నా దగ్గర ఉంది, తెస్తాను. పెట్టగానే విండోస్ "ఫార్మాట్ చెయ్యాలి" అని అడిగితే క్యాన్సిల్ నొక్కు. "స్కాన్ చేసి సరిచేస్తా" అన్నా ఇప్పుడే వద్దను. టక్ టక్ అని చప్పుడొస్తే అప్పుడే ఆపెయ్యి, మొండిగా మళ్ళీ మళ్ళీ పెట్టి చూడకు. ముందు తాత ఫోల్డర్ రెండు చోట్లకు కాపీ కావాలి, ఒకటి నా దగ్గర ఉండాలి.

ఇంకొకటి. క్యాబినెట్ తాకితే వేలికి జిల్లుమంటోందని కూడా మీ నాయన నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఎర్త్ లేని ప్లగ్‌లో పెడితే ఎస్ఎంపీఎస్, అంటే లోపలి కరెంటు పెట్టె, దానిలోని ఫిల్టర్ నుంచి కొద్ది కరెంటు క్యాబినెట్‌కు వస్తుంది. మీ ఇంటి ఎర్తింగ్ గుంత ఎప్పుడు వేశారో, వేసవిలో ఎవరన్నా నీళ్ళు పోశారో లేదో. బొగ్గు, ఉప్పు వేసి సరిచేయించమని తమ్ముడికి గట్టిగా చెబుతాను. అప్పటిదాకా చెప్పులేసుకో, తడి చేతులతో ముట్టకు. యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్ జోలికి అస్సలు పోకు. గాలివానకు కరెంటు పోయి అప్‌డేట్ మధ్యలో ఆగిందంటే బోర్డు మూలకు పడుతుంది.

తిట్టినట్టుంటే ఏమనుకోకు. చిన్నప్పుడు సెలవుల్లో ల్యాబ్‌కు వచ్చి, మౌసుల కింది రబ్బరు బంతులన్నీ తీసి వరండాలో గోలీలాడావు, గుర్తుందా? ఆ రోజు తిట్టాను గానీ, ఏ బంతి ఏ మౌస్‌దో మళ్ళీ నువ్వే సరిగ్గా పెట్టావు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే పని పెట్టుకుంటానన్నావట కదా. పెట్టుకో. మొదటి యూపీఎస్ నేను కొనిస్తా.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. ఈలోపు బయోస్‌లో స్టోరేజ్ పేజీ, బూట్ పేజీ రెండూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. అక్షరాలు కనబడేలా తియ్యి, మసకగా వస్తే నాకు కళ్ళద్దాలున్నా లాభం లేదు.

మీ అత్తమ్మ
నల్లగొండ