టెక్ సందేహాలు: యాక్సిడెంట్ బండి చవకే, కానీ దాని యాప్ ఎవరి ఫోన్‌లో ఉంది?

యాక్సిడెంట్ అయిన బండి తక్కువకు వస్తోంది, కొని బాగు చేయించుకోవచ్చా అని అడిగే ఉత్తరాలు ఆగడం లేదు. దాదాపు అన్నింట్లోనూ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు వంగాయి, ట్యాంకు సొట్టపోయింది, పెయింటింగ్‌కు ఎంతవుతుంది అన్న లెక్కలే. ఆ బండి ఇంకా పాత యజమాని ఫోన్‌కే కనెక్ట్ అయి ఉందా అని ఎవరూ అడగడం లేదు. అందుకే ఈ వారం మూడు ఉత్తరాలూ యాక్సిడెంట్ బండ్ల మీదే తీసుకున్నాను.

2022 మోడల్ 250 సీసీ బైక్ డివైడర్‌ను గుద్దింది. ముందు చక్రం, ఫోర్కులు, హెడ్‌లైట్, మీటర్ పోయాయి. 55 వేలకు ఇస్తానంటున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ 40 వేలల్లో రోడ్డెక్కిస్తానన్నాడు. బ్లూటూత్, యాప్, ఏబీఎస్ అన్నీ ఉన్న మోడల్. కొనమంటారా? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

మీరు రాసిన వివరాల వరకే అయితే వద్దంటాను. ఫోర్కులు పోయాయని కాదు, అవి మార్చుకోవచ్చు. అసలు అడగాల్సినవి మీరు అడగలేదు.

మొదట, అమ్మే ఆయన బీమా క్లెయిమ్ ఎందుకు చేసుకోలేదు? 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి 5 ఏళ్లకు తీసుకోవాల్సి వస్తోంది. మన బండికి జరిగిన నష్టం కట్టిచ్చే ఓన్ డ్యామేజ్ పాలసీని మాత్రం చాలామంది మొదటి ఏడాది తర్వాత వదిలేస్తారు. ఈయనా అలాగే వదిలేసి ఉంటే దాచాల్సిన పనేమీ లేదు, కాగితం తీసి చూపిస్తారు. నసిగితే మాత్రం ఆలోచించాలి. నడిపిన మనిషికి లైసెన్స్ లేకనో, తాగి ఉండటం వల్లనో క్లెయిమ్ తిరస్కరించి ఉండొచ్చు. ఆ ప్రమాదంలో ఇంకెవరికో దెబ్బ తగిలి కేసు నడుస్తూ ఉండొచ్చు. కేసులో ఉన్న బండిని కోర్టు పూచీకత్తు మీద వదిలేటప్పుడు, అనుమతి లేకుండా అమ్మకూడదన్న షరతు మామూలుగా ఉంటుంది. అది తెలియక కొన్నవాళ్లు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇంకో సంగతి కూడా జరిగి ఉండొచ్చు. క్లెయిమ్ చేసి, డబ్బు కూడా తీసేసుకుని ఉండొచ్చు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే బీమా పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బీమా కంపెనీ టోటల్ లాస్ కింద లెక్క కట్టి సొమ్ము ఇచ్చేస్తుంది. ఆ బండి తుక్కుగా వేలంలోకో, బ్రోకర్ చేతికో పోతుంది. ఇక వాడకానికి పనికిరాదనుకున్న బండి గురించి 14 రోజుల్లో రవాణా శాఖకు తెలిపి ఆర్‌సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. ఆ పని చేసేవాళ్లు ఎంతమంది? బండి ఒకసారి టోటల్ లాస్ అయిందని ఆర్‌సీ మీద రాసే పద్ధతి మనకు లేదు. ఇంత డిజిటల్ రికార్డు పెట్టుకుని, కొనేవాళ్లకు అన్నింటికంటే అవసరమైన ఈ ఒక్క ముక్క చూపించకపోవడం నాకు అస్సలు మింగుడుపడదు.

అందుకే ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ బండి మీద మీ కళ్లతో చూసి ఆర్‌సీతో అంకె అంకె సరిపోల్చండి. తుక్కు బండి ఆర్‌సీ కొని, దాని నంబరును దొంగబండి ఛాసిస్ మీద కొట్టి అమ్మడం ఎప్పటి నుంచో ఉన్న దందా. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలు, అక్కడ మాత్రమే కొత్త పెయింట్ కనిపిస్తే తిరిగి వచ్చేయండి. చోరీ బండ్ల రికార్డు చూడటానికి నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో నడిపే ‘వాహన్ సమన్వయ్’ ఉంది, డిజిటల్ పోలీస్ పోర్టల్ నుంచి ఎవరైనా వాడుకోవచ్చు. ఫైనాన్స్ తీరిందా, చలాన్లు ఉన్నాయా అన్నది మీకు తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను.

ఇక మెకానిక్ చెప్పిన 40 వేలు. ట్యాంకు విప్పకుండా చెప్పిన లెక్క అది. ట్యాంకు దింపించి, హ్యాండిల్ దిగే గొట్టం ఛాసిస్‌తో కలిసే చోట టార్చ్ వేసి చూడండి. వెల్డింగ్ పక్కన పెయింట్ ముడతలు పడినా, సన్నటి చీలికలా లేచినా దెబ్బ ఛాసిస్ దాకా వెళ్లిందన్నమాట. ఆ బండి నాకు ఉచితంగా ఇచ్చినా వద్దంటాను. ఛాసిస్ మార్చాలంటే నంబర్ వ్యవహారం ఆర్‌టీఓ ఆఫీసులో తేల్చుకోవాలి. వంగినదాన్ని వేడి చేసి లాగించిన బండి మీద హైవే ఎక్కడం ప్రాణాలతో చెలగాటం.

తర్వాత తాళం తిప్పి, గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లైటు చూడండి. తాళం ఆన్ చేయగానే అది వెలగాలి. బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. కదిలినా ఆరకపోతే సెన్సారో వైరింగో పోయిందని అర్థం. అసలు మొదట్లోనే వెలగకపోతే సెన్సార్ పోవడం కంటే పెద్ద విషయం, ఎవరో ఆ లైటు కనిపించకుండా చేసి ఉండొచ్చు. మీ బండికి మీటరే పోయింది కాబట్టి ఈ పరీక్ష చేసే వీలు కూడా లేదు. కొత్త మీటర్ వేస్తే అసలు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలుసుకోవడం కష్టం. అందుకే మాటల మీద పోకుండా, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టించి, ఏ భాగం పాడైందో చెప్పే ఫాల్ట్ కోడ్‌లు చూసి, రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి. ఏబీఎస్ యూనిట్, మీటర్, వైరింగ్ కిట్, ఈ మూడింటి ధర చూశాక చాలామంది ఉత్సాహం చల్లారుతుంది.

ఎస్టిమేట్‌ను పోల్చాల్సింది ఆయన 2022లో కొన్న ధరతో కాదు, ఈరోజు షోరూమ్ ధరతో. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బైక్‌ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగితే పాతదాని ధరా దిగాలి. అమ్మేవాళ్లు ఈ సంగతి గుర్తు చేయరు. నా లెక్క ఇది: బండి ధర, రాతపూర్వక ఎస్టిమేట్, పైన తేలే ఖర్చుల కోసం ఎస్టిమేట్‌లో పాతిక శాతం, మూడూ కలిపితే దెబ్బ తగలని అదే ఏడాది మోడల్ ధరలో నాలుగింట మూడొంతులు దాటకూడదు. దాటితే మంచి సెకండ్ హ్యాండ్ బండే కొనుక్కోండి.

ఇప్పుడు నాకు అన్నింటికంటే టెన్షన్ పెట్టే విషయం, యాప్. కనెక్టెడ్ మోడళ్లు రెండు రకాలు. కొన్ని పక్కనున్న ఫోన్‌తో బ్లూటూత్‌లో మాట్లాడతాయి, అంతే. వాటిలో ప్రమాదం తక్కువ, మీటర్‌లో మిగిలిన పాత ఫోన్ పేర్లు తీసేస్తే చాలు. మరికొన్నింట్లో లోపల సొంత సిమ్ ఉంటుంది. బండి ఎక్కడుందో ఆ సిమ్ ఎప్పటికప్పుడు కంపెనీ సర్వర్‌కు చెబుతూ ఉంటుంది, అక్కడి నుంచి యజమాని యాప్‌కు చేరుతుంది. ఆర్‌సీ మీ పేరుకు మారినా ఆ అకౌంట్ దానంతట అది మారదు. మీ ఇల్లు ఎక్కడ, ఆఫీసుకు ఏ దారిన ఎన్ని గంటలకు వెళ్తారు, రాత్రి బండి ఎక్కడ పెడతారు, ఇవన్నీ మీకు బండి అమ్మిన మనిషి ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటాయి. దూరం నుంచి లాక్ చేసే సౌకర్యం ఉన్న మోడల్ అయితే అది కూడా ఆయన చేతిలోనే. మధ్యలో బ్రోకర్ ఉంటే, ఆయన తన ఫోన్‌లో లాగిన్ చేసుకుని ఉంటే, మీరు ఎవరి నిఘాలో ఉన్నారో మీకు ఎప్పటికీ తెలియదు.

బండి పడిపోతే దగ్గరివాళ్లకు మెసేజ్ పంపే సదుపాయాన్ని ఈమధ్య గొప్పగా ప్రచారం చేస్తున్నారు. ఆ మెసేజ్ వెళ్లేది అకౌంట్‌లో ఉన్న నంబర్లకు. మీరు కోదాడ దగ్గర రాత్రిపూట పడిపోతే, మీ ఇంట్లోవాళ్లకు ఏమీ తెలియదు. పాత యజమాని వాళ్లమ్మ ఫోన్‌కు ‘మీ అబ్బాయి బండికి ప్రమాదం’ అని వెళ్తుంది. ఆవిడ కొడుకు పక్క గదిలో నిద్రపోతూ ఉంటాడు. మిమ్మల్ని కాపాడాల్సిన ఆ నిమిషాలు అలా పోతాయి.

ఇక్కడ నాకు తయారీదారుల మీదే కోపం. బండి అంటే చేతులు మారే వస్తువు. మూడు నాలుగు ఏళ్లకు అమ్ముతారని అందరికీ తెలుసు. అయినా చాలా యాప్‌లలో కొత్త బండి చేర్చే బటన్ మొదటి పేజీలోనే ఉంటుంది, అమ్మేశాను తీసెయ్యి అనే బటన్ మాత్రం వెతికితే గానీ దొరకదు. కొన్నింటికి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఆర్‌సీ కాపీ మెయిల్ చేసి, మళ్లీ షోరూమ్‌కు వెళ్లాలి. రంగురంగుల మీటర్ మీద మ్యాప్‌లు, పాటలు, వాతావరణం చూపించడానికి పెట్టిన శ్రద్ధలో కొంచెం దీని మీద పెట్టినా సరిపోయేది. కొత్త ఓనర్ ఫ్యాక్టరీ రీసెట్ చేసుకోలేని బండిని కనెక్టెడ్ బండి అని అమ్మనే కూడదు.

మీరు చేయాల్సింది, డబ్బు పూర్తిగా ఇవ్వకముందే అమ్మేవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన యాప్‌లో నుంచి బండిని తీసేయించడం. మీ ఫోన్‌లో మీ పేరున నమోదయ్యాక, అత్యవసర నంబర్లు మార్చుకున్నాకే మిగతా సొమ్ము ఇవ్వండి. రెండు తాళాలూ తీసుకోవడం మరిచిపోకండి. యాప్ పాస్‌వర్డ్ మరిచిపోయాను, తర్వాత చూద్దాం అంటే బేరం వదిలేయండి.

మా చిన్నాన్న కొడుకు ఎలక్ట్రిక్ స్కూటర్ కల్వర్టును గుద్దింది. బ్యాటరీ డబ్బా ఒక మూల నొక్కుకుపోయింది, అయినా చార్జ్ అవుతోంది, నడుస్తోంది. 20 వేలకే ఇస్తానంటున్నాడు. బ్యాటరీ బయటకు తీసి ఫ్లాట్‌లోనే చార్జింగ్ పెట్టుకోవచ్చా? (వరంగల్ నుంచి)

పెట్టకండి. నడుస్తోంది కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. లిథియం సెల్‌ను బయట నుంచి నొక్కితే లోపలి పల్చటి పొర చిరగవచ్చు. అది వెంటనే అంటుకోవాలని లేదు. గంటల తర్వాతో, రోజుల తర్వాతో, మీరు చార్జింగ్ పెట్టి నిద్రపోయాకో లోపల షార్ట్ అయి వేడి పుట్టవచ్చు. ఒక సెల్ వేడి పక్క సెల్‌ను అంటించుకుంటూ పోతుంది, నీళ్లు చల్లితే ఆగే మంట కాదు. 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాతో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏఐఎస్ 156ను కఠినం చేసింది. ఆ పరీక్షలు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బ్యాటరీకి, కల్వర్టుకు గుద్దుకున్నదానికి కాదు.

కొత్త బ్యాటరీ ధర కలుపుకుని కూడా గిట్టుబాటు అయితేనే ఆ స్కూటర్ తీసుకోండి. దెబ్బతిన్న బ్యాటరీని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు అప్పగించాలి. పాత సెల్స్ ఏరి కొత్త ప్యాక్ కట్టిస్తామనేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. మీరు కొన్నా కొనకపోయినా, ఈలోగా దాన్ని ఇంటికీ గ్యారేజీకీ దూరంగా, ఆరుబయట పెట్టమని మీ తమ్ముడికి ఈరోజే చెప్పండి.

యాక్సిడెంట్ అయిన స్కూటర్‌ను నాలుగు నెలల క్రితం ఒక బ్రోకర్‌కు ఇచ్చేశాను. ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చాను. యాప్ తీయలేదు. ఇప్పుడు చూస్తే బండి జహీరాబాద్ వైపు రోజూ తిరుగుతున్నట్టు కనిపిస్తోంది. యాప్ అలాగే ఉంచుకోవచ్చా? (కరీంనగర్ నుంచి)

మీరు యాప్ గురించి అడిగారు, నేను ఆర్‌సీ గురించి భయపడుతున్నాను. కొన్నవారి పేరు ఖాళీగా వదిలి యాజమాన్యం మార్చే 29, 30 ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చి ఉంటే, ఆర్‌సీ ఇంకా మీ పేరునే ఉండే అవకాశం ఎక్కువ. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అమ్మేశాను, డబ్బు తీసుకున్నాను అన్న వాదన అక్కడ నిలవలేదు. అమ్మిన 14 రోజుల్లో మీ ఆర్‌టీఓకు తెలపాల్సిన బాధ్యత చట్టం 50వ సెక్షన్ కింద మీదే.

ముందుగా రవాణా శాఖ సైట్‌లో ఆర్‌సీ ఎవరి పేరున ఉందో చూడండి. మీ పేరే ఉంటే బ్రోకర్‌తో జరిగిన వాట్సాప్ మాటలు, డబ్బు జమైన వివరం జత చేసి ఆర్‌టీఓకు, మీ పోలీస్ స్టేషన్‌కు స్పీడ్ పోస్ట్‌లో రాతపూర్వకంగా తెలపండి. బండి తిరుగుతున్నట్టు చూపే స్క్రీన్‌షాట్లు ఆ ఫిర్యాదుకు ఆధారంగా దాచుకోండి. ఆ వెంటనే యాప్‌లో నుంచి బండిని తీసేయండి. ఆ స్కూటర్ మీద ఇప్పుడు రోజూ ఒక అమ్మాయి కాలేజీకి వెళ్తూ ఉండొచ్చు. తనకు తెలియకుండా తన దారి మీ ఫోన్‌లో ఉండటానికి వీల్లేదు.

ఇంకొకటి. ఆర్‌సీలో మీ నంబరే ఉన్నంత కాలం ఆ బండి చలాన్ల మెసేజ్‌లు మీకే వస్తాయి. సరిగ్గా ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లే, బండి ఎక్కడ ఏం చేసిందో అన్న కంగారులో ‘ఆర్‌టీఓ చలాన్’ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ నొక్కేస్తున్నారు. ఏ ప్రభుత్వ శాఖా చలాన్‌ను యాప్ ఫైల్‌గా పంపదు. అది ఫోన్‌లోకి దిగితే మీ ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, ఓటీపీలు దానికి కనిపిస్తాయి, ఖాతా ఖాళీ అవుతుంది. చలాన్ చూడాలంటే చివర ‘జీఓవీ డాట్ ఇన్’ ఉన్న సైట్‌లో బండి నంబర్ మీరే కొట్టి చూసుకోండి. ఇప్పటికే అలాంటి ఫైల్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.