బ్యాండ్‌లో వాయించడానికి ఎలక్ట్రో అకౌస్టిక్ గిటార్: షాపులో బాగా మోగిన పెద్దదే కొనేయనా?

తమ్ముడూ, ఎమ్వీపీ కాలనీలో ఫ్రెండ్స్‌తో బ్యాండ్ మొదలుపెట్టానన్నావు, డ్రమ్స్, బేస్, కీబోర్డ్ ఉన్నాయి, రిథమ్ నీది, చేతిలో ఇరవై వేలు, షాపులో ఓ పెద్ద బాడీ ఎలక్ట్రో అకౌస్టిక్ (కేబుల్ పెట్టి స్పీకర్‌లో వినిపించగలిగే మామూలు చెక్క గిటార్) వాయిస్తే గుండెల్లో మోగింది, కొనేయనా అని అడిగావు. కొనకు. కనీసం కేబుల్ పెట్టి వినకుండా కొనకు.

నేనూ అలాగే కొన్నాను మరి. చర్చిలో క్వయర్‌తో వాయిస్తూ నేర్చుకున్నవాణ్ని, అక్కడ కీబోర్డ్, తబలా తప్ప ఇంకేం ఉండేవి కావు కాబట్టి గిటార్ ఎంత మోగితే అంత గొప్ప అనుకునేవాణ్ని. ఉద్యోగం వచ్చాక డబ్బులు దాచి సాలిడ్ స్ప్రూస్ టాప్ (పొరలు అతికించని స్ప్రూస్ పైచెక్క) ఉన్న డ్రెడ్‌నాట్, అంటే పెద్ద బాడీ గిటార్, కొన్నా. తర్వాత కొన్నాళ్లకి భీమిలి రోడ్డులో ఓ సంగీత్ ఫంక్షన్. రెండో పాటలో జి కార్డ్ పట్టుకున్నానో లేదో మానిటర్ (వాయించేవాళ్లకి వినబడడానికి స్టేజి మీద పెట్టే స్పీకర్) లోంచి గూఁ... అని ఒకటే హోరు, చెయ్యి తీసేసినా ఆగదు. సౌండ్ చూసే ఆయన "ఏటి బాబూ అది!" అని అక్కణ్నుంచే అరిచి నా ఛానెల్ మొత్తం కిందకి లాగేశాడు. మిగతా మూడు పాటలూ నేను వాయించానని నాకూ, నా పక్కనే డాన్సు వేస్తున్న పెళ్లికొడుకు చిన్నాన్నకీ తప్ప ఎవరికీ తెలీదు.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. స్పీకర్ శబ్దం వెళ్లి గిటార్ పైచెక్కని ఊపుతుంది, గిటార్ లోపలి పికప్ (ఊపుని కరెంటుగా మార్చేది) దాన్ని మళ్లీ స్పీకర్‌కి పంపిస్తుంది, అలా తిరుగుతూనే ఉంటుంది. డ్రెడ్‌నాట్ లాంటి పెద్ద బాడీ లోపలి గాలి 100 హెర్ట్జ్ చుట్టుపక్కల బాగా ఊగుతుంది, లావు తీగ మూడో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర జి నొక్కితే వచ్చేది 98 హెర్ట్జ్. అంటే నేను జి కార్డ్ పట్టుకున్న ప్రతిసారీ ఆ హోరుని పిలిచి కూర్చోబెట్టినట్టే. షాపులో నీ గుండెల్లో మోగింది కూడా ఆ కింది శబ్దమే. పైగా బ్యాండ్‌లో ఆ చోటు బేస్ గిటార్‌ది, కిక్ డ్రమ్‌ది, నువ్వు అక్కడికి వెళ్లినా వినబడవు, అందరూ కలిసి ముద్ద అయిపోతారు.

అందుకే నీకు పల్చటి బాడీ ఉన్నది, లేదా చిన్న బాడీది కావాలి. యమహా వాళ్ల ఏపీఎక్స్ సిరీస్ 1987లో వచ్చిందే స్టేజి కోసం, నేను ఇప్పుడు వాయించేది అందులోదే (సెకండ్ హ్యాండ్, ఒక గీత ఉంది, నాకేం పట్టింపు లేదు). ఇంట్లో కేబుల్ లేకుండా వాయిస్తే కాస్త పీలగానే ఉంటుంది, నిజం చెప్పాలి. అయినా సరే. ఆ కంపెనీదే కొనమని కాదు, ఆ ఆకారం చూసుకో. లామినేట్ టాప్ (పల్చటి పొరలు అతికించిన పైచెక్క) అని తక్కువ చేసి చూడకు, స్టేజి మీద తక్కువ ఊగడం మనకి లాభమే, పైగా మన వైజాగ్ గాలికి అదే కాస్త తట్టుకుంటుంది.

షాపులో ఏం చూడాలంటే, ముందు అకౌస్టిక్ ఆంప్ (ఇలాంటి గిటార్ల కోసమే చేసిన స్పీకర్ డబ్బా) ఉందేమో అడుగు, ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్‌లో పెట్టి వింటే ఏదీ సరిగ్గా తెలీదు. ఒక్కో తీగా విడిగా మీటు. శాడిల్ (బాడీ మీద తీగలు ఆనే సన్నటి పట్టీ) కింద ఉండే పీజో పికప్ సరిగ్గా కూర్చోకపోతే ఒక తీగ గట్టిగా, ఇంకోటి నీరసంగా వస్తుంది, కేబుల్ లేకుండా వాయిస్తే ఈ లోపం అస్సలు తెలీదు. తర్వాత నువ్వు బ్యాండ్‌లో ఎంత గట్టిగా కొడతావో అంత గట్టిగా కొట్టు, పీజో అప్పుడే ప్లాస్టిక్ డబ్బా వాయించినట్టు అరుస్తుంది, మిడ్ (మధ్య శబ్దాల నాబ్) తగ్గిస్తే దారికి వస్తుందో లేదో చూడు. వాల్యూమ్ పెంచి ఆంప్‌కి ఎదురుగా నిలబడు, షాపతను మొహం చిట్లిస్తాడు, చిట్లించనీ. ప్రీఆంప్‌లో (గిటార్ పక్కన నాబ్‌లుండే చిన్న పెట్టె) నాచ్ (హోరు వచ్చే ఆ ఒక్క శబ్దాన్నే తగ్గించేది) గానీ, ఫేజ్ బటన్ (శబ్దపు అలని తిరగేసేది) గానీ ఉంటే హోరు వచ్చినప్పుడు చాలాసార్లు ఒక్క వేలితో ఆపొచ్చు. ట్యూనర్ లోపలే ఉంటే ఇంకా మంచిది, తలకి వేరే క్లిప్ ట్యూనర్ తగిలించుకునే పని ఉండదు. రెండో ఫ్రెట్‌లో, నాలుగో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కే క్లిప్) పెట్టి శ్రుతి చూసుకో, సింగర్ గొంతుని బట్టి నీకు రోజూ అదే పని. కట్‌అవే (పై ఫ్రెట్లు అందడానికి బాడీలో కోసిన వంపు) గురించి మాత్రం ఆలోచించకు, రిథమ్‌కి పద్నాలుగో ఫ్రెట్ దాటి నీకేం పనిలేదు.

ఇరవై వేలూ గిటార్‌కే పెట్టేయకు. ఒక డీఐ బాక్స్‌కి (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి దూరం పంపడానికి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) దాచుకో. స్టేజి నుంచి మిక్సర్‌కి ముప్పై మీటర్లు మామూలు గిటార్ కేబుల్ లాగితే దారిలో ఉన్న సీరియల్ లైట్ల రొదంతా మోసుకొస్తుంది, డీఐ ఉంటే ఆ గోల చాలా తగ్గుతుంది. హోరు తగ్గించడానికి సౌండ్ హోల్‌కి (గిటార్ మధ్యలో ఉండే కంత) పెట్టే రబ్బరు మూత చవకే, అదీ తీసుకో.

బ్యాటరీ సంగతి కూడా. చాలా ప్రీఆంప్‌లు 9 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి, జాక్ దూర్చగానే ఆన్ అవుతాయి, వేరే స్విచ్ ఉండదు. రిహార్సల్ అయ్యాక కేబుల్ అలాగే వదిలేసి పడుకున్నా ఒకసారి, మర్నాడు షోలో సగం పాటకి శబ్దం చిరిగినట్టు వచ్చి ఆగిపోయింది. అప్పట్నుంచీ బ్యాగులో కొత్త బ్యాటరీ ఒకటి, దాన్ని మార్చడానికి చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి.

ఇక మన ఉప్పుగాలి. గిటార్‌కి హాయిగా ఉండేది 45 నుంచి 55 శాతం తేమ, మనకి ఏసీ గదిలో తప్ప అది దొరకదు. మా ఇంట్లో మామూలు తీగలు నెల తిరక్కుండానే నల్లబడేవి, కోటెడ్ తీగలకి (తుప్పు పట్టకుండా పూత పూసినవి) మారాక రెండు మూడు నెలలు వస్తున్నాయి. తేమకి చెక్క ఉబ్బితే తీగలు పైకి లేచి వేళ్లు నొప్పెడతాయి, గిటార్ పాడైందని కంగారుపడకు, సెటప్ (తీగల ఎత్తు, మెడ సరిచేయడం) చేయించుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. వాడనప్పుడు సిలికా జెల్ ప్యాకెట్లు వేసి కేసులో పెట్టు, గోడకి తగిలించకు.

షాపుకి మీ బేస్ వాయించే కుర్రాణ్ని తీసుకెళ్లు. నువ్వు వాయిస్తుంటే అతణ్ని పది అడుగుల దూరంలో అటు తిరిగి నిలబెట్టి, ఆ పెద్దదాన్నీ పల్చటిదాన్నీ మార్చి మార్చి వినమను, ఏది ఏదో చెప్పకు.