ప్రామిసరీ నోటు రాయించుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

స్నేహితుడికి మూడు లక్షలు అప్పిస్తున్నావని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయిద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ప్రామిసరీ నోటుకు ఆ రెండూ అక్కర్లేదు. తెల్లకాగితం, రూపాయి రెవెన్యూ స్టాంపు చాలు.

చాలామంది దెబ్బతినేది ఆ స్టాంపు దగ్గరే. సంతకం స్టాంపు మీద మొదలై కాగితం మీదికి రావాలి, అంటే స్టాంపు మళ్లీ వాడటానికి వీల్లేకుండా పోవాలి. పక్కన సంతకం పెట్టి స్టాంపును ఖాళీగా వదిలేస్తే స్టాంపు లేనట్టే లెక్క. మామూలు అగ్రిమెంటుకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి కోర్టులో దాఖలు చేసుకోవచ్చు. స్టాంపుల చట్టం 35వ సెక్షన్ ప్రామిసరీ నోటుకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. తర్వాత తెచ్చి అంటించినా పనికిరాదు.

రాత ఇలా ఉండాలి: "ఈ దినం మీ వద్ద నేను అప్పుగా పుచ్చుకున్నది రూ. 3,00,000, అక్షరాలా మూడు లక్షల రూపాయలు. దీనికి నెలకు నూటికి ఒక రూపాయి వడ్డీ చొప్పున అసలు, వడ్డీ కలిపి మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ ఆర్డరు పొందిన వారికి గానీ చెల్లించగలవాడను."

ఇందులో ఒక్క మాటా తీసెయ్యకు. "అప్పు తీసుకున్నాను" అని ఆపేస్తే అది రసీదు లాంటిదే, చెల్లిస్తాననే మాట లేదు. "స్థలం అమ్ముడైతే ఇస్తాను" అంటే షరతు పడింది, ఇక అది ప్రామిసరీ నోటే కాదు. ఆర్డరు మాట, అంటే నువ్వు చెప్పిన మరొకరికైనా చెల్లిస్తాననే మాట, లేకుండా సాక్షి సంతకాలు పెట్టిస్తే అది నోటు కాదు, బాండు అనే వేరే రకం పత్రం అని ఎదుటి వకీలు వాదిస్తాడు. బాండుకు స్టాంపు డ్యూటీ వేరు. అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాలదే చెల్లుబాటు.

తేదీ, ఊరు, అతని తండ్రి పేరు, వయసు రాయించు. 18 ఏళ్లు నిండనివాడు రాసిన నోటు చెల్లదు. చట్టం సాక్షులను అడగదు గానీ, సంతకం నాది కాదంటే చెప్పడానికి ఇద్దరు ఉండటం మేలు. దస్తూరి, అంటే నోటు రాసిన చేతిరాత, ఎవరిదో కింద రాయించు. కొట్టివేతలు వద్దు, తప్పు పడితే కొత్త కాగితం తీసుకో. డబ్బు బ్యాంకు ద్వారానే పంపు. 20,000 రూపాయలు, ఆ పైన అప్పు నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఖాళీ నోటు మీద మాత్రం సంతకం తీసుకోకు. అది అతనికి అన్యాయం, కోర్టులో నీకూ చిక్కే.

బాకీ కోసం కోర్టులో దావా వేయడానికి గడువు మూడేళ్లు, నోటు తేదీ నుంచే లెక్క. మధ్యలో కొంత కడితే నోటు వెనక తేదీతో చెల్లువేత, అంటే ఇంత కట్టానన్న రాత, రాయించి అతని సంతకం తీసుకో. డబ్బు ఫోన్‌లో పంపినా సరే, రాయించు. మూడేళ్లు నిండకముందే చెల్లువేత పడితే ఆ చెల్లింపు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. గడువు దాటాక వేసింది కాలదోషాన్ని, అంటే దావా వేసే హక్కు పోవడాన్ని, ఆపదు.

బాకీ తీరిన రోజున "అసలు, వడ్డీ పూర్తిగా ముట్టినవి" అని రాసి, సంతకం చేసి, నోటు అతనికి తిరిగిచ్చెయ్యి.

మీ మామయ్య