మాజీ సైనికుడు ఎదురైతే ఏమనాలి?

సందేహం: బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకప్పుడు యుద్ధంలో పోరాడారని మాటల్లో తెలిసింది. దిగేటప్పుడు 'మీ సేవకు ధన్యవాదాలు' అన్నాను. అన్నాక నాకే అది డబ్బింగ్ సినిమాలో మాటలా అనిపించింది. తెలుగులో ఇలాంటప్పుడు ఏమనాలి? ఇంకొకటి. 'ఈరోజు ఒక అమరవీరుణ్ణి కలిశాను' అని స్నేహితులకు మెసేజ్ పెడితే, ఒకరు తప్పన్నారు. నిజంగా తప్పేనా?

సమాధానం: తప్పే. ముందు దాని సంగతి చెబుతాను. 'అమర' అంటే చావులేని అనే అర్థం చూసి మీరు గౌరవంగానే రాశారు. కానీ వాడుకలో ఆ మాట ప్రాణాలిచ్చినవారికే స్థిరపడిపోయింది. 'అమరుడయ్యాడు' అంటే చనిపోయాడనే. ఆ మెసేజ్ ఆయన మనవడి కంట పడితే ఇంట్లో ఎంత టెన్షనో ఆలోచించండి.

'మాజీ సైనికుడు' అంటే చాలు. మాజీ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట, 'గడిచిన' అని అర్థం. అందులో చులకన ఏమీ లేదు. ఉద్యోగకాలం పూర్తిచేసి దిగినవారిని 'విశ్రాంత' అనడం కూడా ఉంది గానీ, యుద్ధం కోసం చేరి అది ముగియగానే ఇంటికి వచ్చేసినవారికి మాజీయే నప్పుతుంది. స్త్రీలైతే మాజీ సైనికురాలు. 'జవాను' పారసీ మాట, అసలు అర్థం పడుచువాడు, మన 'యువ'కు దగ్గరి చుట్టం. తెలుగులో ఆ వయసు అర్థం చెరిగిపోయినా, ఇప్పుడు కొలువులో ఉన్నవారికే దాన్ని ఉంచుకోవడం బాగుంటుందని నా అభిప్రాయం.

ఇక మీ మొదటి ప్రశ్న. 'మీ సేవకు ధన్యవాదాలు'లో వ్యాకరణ దోషం లేదు. అది ఇంగ్లీషు వాక్యానికి మాటకు మాట తెలుగు కాబట్టి మీకు అలా వినిపించింది. పైగా 'సేవ' ఇప్పుడు బాగా అరిగిపోయింది. ఫోన్ కంపెనీవాళ్లూ సేవలే అంటారు, బ్యాంకువాళ్లూ సేవలే అంటారు. ఆ మనిషి చలిలో, నిద్రలేకుండా, పక్కవాడు పడిపోతుంటే చూస్తూ గడిపిన రోజులు ఆ మాటలో ఇమడవు.

ఎదుటి మనిషితో దగ్గరగా మాట్లాడేటప్పుడు తెలుగు నామవాచకం కంటే క్రియనే నమ్ముకుంటుంది. 'మీరు అంత కష్టపడ్డారు కాబట్టే మేం ఇలా ఉన్నాం', 'మీరు చేసింది మరిచిపోలేం అయ్యా'. ఇవి నోటికి సులువుగా వస్తాయి, వినేవారికీ తగులుతాయి. 'కృతజ్ఞత' అన్న మాట విడదీసినా ఇదే కనిపిస్తుంది. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగిన. చేసినదాన్ని ఎరిగి ఉండటమే కృతజ్ఞత. ఒక్క అక్షరం జారి 'కృతఘ్నత' అయిందంటే చేసినదాన్ని చంపడం అవుతుంది, రాసేటప్పుడు జాగ్రత్త.

ఎరగాలంటే ముందు అడగాలి. ఒకసారి ఆసుపత్రిలో నా నంబరు కోసం కూర్చున్నప్పుడు పక్కనే చేతికర్రతో ఒక పెద్దాయన ఉన్నారు. మిలిటరీలో చేశానని ఆయనే అన్నారు. 'ఏ పని చూసేవారండీ?' అని అడిగాను. కర్రను గోడకు ఆనించి, రెండు చేతులతో గాలిలోనే స్టీరింగ్ పట్టుకుని, దీపాలు ఆర్పేసిన లారీని రాత్రిపూట కొండదారిలో ఎలా నడిపేవారో చూపించారు. ఆ చేతులు వణకలేదు. నా నంబరు పిలిచారు. లేస్తూ, 'మీరు చెప్పింది మా పిల్లలకు చెబుతానండీ' అన్నాను. ధన్యవాదాలు అన్న మాట నా నోట రాలేదు, దాని లోటూ అనిపించలేదు. 'ఎంతమందిని చంపారు?' అని మాత్రం ఎవరినీ అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, అంతే.

పిలుపు కూడా ముఖ్యమే. 'అయ్యా', 'అమ్మా', చనువుంటే 'తాతగారూ'. 'ముసలాయన' ఎదురుగానే కాదు, చాటున కూడా వద్దు.

మీ మాటకు ఆయన బహుశా 'చల్లగా ఉండు బాబూ' అంటారు. అది పెద్దలు చిన్నవాళ్లకు ఇచ్చే దీవెన. 'మీరు కూడా' అని తిరిగి అనకూడదు. చేతులు జోడిస్తే సరిపోతుంది.